సంసిద్ధత ఎవరిది? - టీకాల చరిత్ర గురించి కొన్ని ఆలోచనలు

నా ఎడమ జబ్బ మీద రూపాయి బిళ్ళంత మచ్చ ఒకటి ఉంది. నా ఈడు వాళ్ళలో చాలామందికి ఉంటుంది. మశూచి టీకా మచ్చ అది. మా తర్వాతి తరం వాళ్ళ జబ్బల మీద కనిపించేది క్షయకు వేసే బి.సి.జి. మచ్చ, అది వేరు. మశూచి మచ్చ వాళ్ళకు లేదు, ఎందుకంటే మశూచే లేదు. ఒక మహమ్మారిని మనిషి భూమి మీద లేకుండా చేయగలిగాడనడానికి మా తరం ఒంటి మీద మోస్తున్న సాక్ష్యం ఇది.

సాహిత్యం చదువుకునే వాళ్ళకు ‘టీకా’ అనగానే ముందు గుర్తొచ్చేది వేరే విషయం. ప్రబంధానికి టీకా తాత్పర్యాలు రాస్తాం. అది సంస్కృతం నుంచి వచ్చిన మాట. సూది మందుకు వాడే ‘టీకా’ ఉత్తరాది భాషల్లో బొట్టు, గుర్తు అనే అర్థమున్న మాట నుంచి వచ్చింది. రెండు మాటలు రెండు దారుల్లో వచ్చి తెలుగులో ఒకే రూపంలో స్థిరపడ్డాయి. నేను వైద్యుణ్ణి కాను. మొదటి రకం టీకాలతో బతికిన వాణ్ణి. అయినా రెండో రకం టీకా చరిత్ర చదువుతున్నకొద్దీ, అది మన పనికి అనుకున్నంత దూరం కాదని నాకు అనిపించింది. ఎందుకో చెప్పడానికే ఈ వ్యాసం.

1

2020 చివర కోవిడ్ టీకాలు వచ్చినప్పటి నుంచి ‘సంసిద్ధత’ అనే మాట అంతర్జాతీయ సంస్థల భాషలో విరివిగా వినిపించింది. ఒక దేశంలో కొత్త టీకా ప్రవేశపెట్టాలన్నా, ఉన్న టీకాను మరింత మందికి అందించాలన్నా, ఆ దేశం అందుకు సిద్ధంగా ఉందో లేదో ముందుగా అంచనా వేస్తారు. చట్టాలు, అనుమతులు సరిగా ఉన్నాయా? డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? శీతల గిడ్డంగులు ఎన్ని, వాటికి కరెంటు ఎన్ని గంటలుంటుంది? సూది వేసే వాళ్ళు ఎంతమంది? వికటిస్తే నమోదు చేసే ఏర్పాటు ఉందా? ఇలా సాగే పెద్ద పట్టిక అది. కోవిడ్ కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ కలిసి ఒక పట్టిక, ప్రపంచ బ్యాంకు మరొక పట్టిక తయారుచేసి, తర్వాత రెండింటినీ ఒకటి చేశాయి.

ఆ విధంగా 128 అల్పాదాయ, మధ్యాదాయ దేశాల్లో జరిపిన అంచనా ఫలితాలను ప్రపంచ బ్యాంకు 2021 మార్చిలో ప్రకటించింది. 85 శాతం దేశాలు జాతీయ ప్రణాళిక తయారుచేసుకున్నాయి. 68 శాతం దేశాల్లో టీకా భద్రతను గమనించే ఏర్పాట్లున్నాయి. టీకాలు వేసేవాళ్ళకు పెద్ద ఎత్తున శిక్షణ ఇచ్చే ఏర్పాటు మాత్రం 30 శాతం దేశాలకే ఉంది. ప్రజలతో మాట్లాడి, వాళ్ళను కలుపుకుపోయే పథకం ఉన్నవి 27 శాతం.

ఈ అంకెల్లో 85కూ 27కూ మధ్య ఉన్న దూరం గమనించదగ్గది. కాగితం మీద ప్రణాళిక రాయడం అన్నిటికన్నా ముందు జరిగిపోయింది. ఆ ప్రణాళిక ఎవరి చేతికి సూది గుచ్చుతుందో వాళ్ళతో మాట్లాడటం అన్నిటికన్నా వెనకబడింది. ఇది కోవిడ్ తొందరలో జరిగిన పొరపాటు అని సరిపెట్టుకోవచ్చు. కాని మన దేశంలో టీకాకు 220 ఏళ్ళు దాటిన చరిత్ర ఉంది. ఆ చరిత్రను పరిశీలిస్తే ఈ దూరం తొందర వల్ల వచ్చింది కాదనీ, మొదటి రోజు నుంచీ ఉన్నదేననీ తెలుస్తుంది.

2

ఎడ్వర్డ్ జెన్నర్ ఆవు మశూచి రసంతో తన ప్రయోగం చేసింది 1796లో. దాన్ని పుస్తకంగా ప్రకటించింది 1798లో. నాలుగేళ్ళు తిరక్కుండానే ఆ రసం మన దేశం చేరింది. వియన్నా నుంచి బాగ్దాదుకు, అక్కడి నుంచి బస్రాకు, బస్రా నుంచి ఓడలో బొంబాయికి వచ్చింది. 1802 జూన్ 14న బొంబాయిలో అన్నా డస్ట్‌హాల్ అనే మూడేళ్ళ పిల్లకు వేసిన టీకా ‘పట్టింది’. ఈ దేశంలో మొదటి టీకా అదే. ఆ పిల్ల చేతి పొక్కులోంచి తీసిన రసంతో మరికొందరు పిల్లలకు వేశారు. వాళ్ళ నుంచి ఇంకొందరికి. అదే సంవత్సరం హైదరాబాదుకు, మద్రాసుకు అలాగే చేరింది. మద్రాసు నుంచి కలకత్తాకు ఓడలో పిల్లల చేతుల మీదుగా వెళ్ళింది.

అప్పటికి శీతల పెట్టెలు లేవు. ఎండబెట్టిన రసం వేడికి చచ్చుబడేది. కాబట్టి రసాన్ని బతికించి ఉంచే పాత్ర మనిషి శరీరమే. అందులోనూ పసిపిల్లల శరీరం. స్పెయిన్ రాజు 1803లో అమెరికా వలసలకు టీకా పంపినప్పుడు బాల్మిస్ అనే వైద్యుడి వెంట ఓడలో 22 మంది అనాథ బాలురను ఎక్కించారు. దారి పొడుగునా ఒకరి నుంచి మరొకరికి టీకా వేసుకుంటూ పోయారు. ఆనాటి ‘సంసిద్ధత’ అంటే చేతికి దొరికే పిల్లలుండటం. ఆ పిల్లలు ఎవరి పిల్లలో వేరే చెప్పనక్కర్లేదు.

మన దేశంలో ఈ చేయి నుంచి చేయికి వేసే పద్ధతి రెండు రకాల నిరాకరణలను ఎదుర్కొంది. తక్కువ కులాల పిల్లల చేతుల్లోంచి తీసిన రసం తమ పిల్లలకు ఎక్కించడానికి పైకులాల వాళ్ళు ఒప్పుకోలేదు. తమ పిల్లల పొక్కులు గుచ్చి రసం పిండుకుపోవడానికి పేద తల్లిదండ్రులు ఒప్పుకోలేదు. మొదటిది కులాహంకారం. రెండోది కన్నబిడ్డ నొప్పి చూడలేని తల్లి బాధ. అధికారుల నివేదికలు తరచుగా ఈ రెండింటినీ ‘ప్రజల మూఢనమ్మకం’ అనే ఒకే పద్దు కింద రాసుకున్నాయి. నిరాకరించిన వాళ్ళ కారణాలు ఏమిటని అడగకుండా అందరికీ ఒకే పేరు పెట్టడం అక్కడే మొదలైంది.

ఆ ‘మూఢనమ్మకాన్ని’ తొలగించడానికి జరిగిన ఒక ప్రయత్నం సాహిత్య విద్యార్థులు తప్పక తెలుసుకోవలసింది. మద్రాసు కలెక్టరు ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ పేరు మనకు కొత్త కాదు. తెలుగు సంస్కృతం నుంచి పుట్టిన భాష కాదని, దక్షిణాది భాషలది వేరే కుటుంబమని కాల్డ్‌వెల్ కన్నా 40 ఏళ్ళ ముందే, 1816లో, కాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన పీఠికా వ్యాఖ్యలో నిరూపించినవాడాయన. అదే ఎల్లిస్ టీకా కోసం ఒక ‘పురాణం’ కూడా రాశాడు. అమ్మవారు ధన్వంతరితో మాట్లాడుతూ, మశూచి తీవ్రతను తగ్గించడానికి తాను గోవు ద్వారా తేలికపాటి రూపాన్ని లోకానికి ఇచ్చానని చెప్పినట్టు అందులో ఉంటుంది. 1819 జనవరిలో ‘మద్రాస్ కొరియర్’ పత్రికలో ఒక మారుపేరుతో ఒక లేఖ వచ్చింది. ఆవు పొదుగు మీది పొక్కు రసాన్ని కత్తి మొనతో తీసి మనిషి చేతికి ఎక్కించే పద్ధతి ధన్వంతరి చెప్పాడంటూ సంస్కృత శ్లోకాలు అందులో ఉదహరించారు. నిజానికి మన ప్రాచీన వైద్య గ్రంథాల్లో అలాంటి శ్లోకాలేవీ లేవు. కొత్తగా కట్టిన శ్లోకాలను పాతవిగా చూపించారు. తర్వాతి కాలంలో పరిశోధకులు ఈ బండారాన్ని బయటపెట్టారు. కాని ఈలోగా, జెన్నర్‌కు వేల ఏళ్ళ ముందే మనకు టీకా తెలుసునని చెప్పుకునే వాళ్ళకు ఆ శ్లోకాలు ఆధారమైపోయాయి.

ఎల్లిస్ ఉద్దేశం చెడ్డది కాదు. మశూచి ఏటా ఎందరినో పొట్టన పెట్టుకుంటున్న కాలమది. కాని ఆయన ఎంచుకున్న మార్గం ఏమిటి? ప్రజలకు విషయం వివరించడం కాదు. వాళ్ళు దేన్ని ప్రశ్నించరో దాని గొంతుతో మాట్లాడటం. ప్రజల భాషల గురించి అంత గొప్ప సత్యం చెప్పినవాడు ప్రజలకు మాత్రం సత్యం చెప్పవచ్చునని అనుకోలేకపోయాడు.

మన పల్లెల్లో మశూచి వస్తే ‘అమ్మవారు పోసింది’ అనేవాళ్ళు. వేపమండలు కట్టేవాళ్ళు. రోగి పడుకున్న గదిలోకి పరాయివాళ్ళను రానిచ్చేవాళ్ళు కాదు. పోలేరమ్మకో ముత్యాలమ్మకో మొక్కుకునేవాళ్ళు. ఇందులో అజ్ఞానం ఉంది. కాదనను. దానితోబాటు రోగిని వేరుగా ఉంచడం, చల్లగా ఉంచడం, కనిపెట్టుకుని ఉండటం అనే అనుభవ జ్ఞానం కూడా ఉంది. ఈ రెండింటినీ విడదీసి, రెండోదాన్ని ఆధారం చేసుకుని మాట్లాడి ఉంటే సంభాషణ సాధ్యమయ్యేది. దొంగ పురాణం ఆ పని చేయలేదు.

3

నచ్చజెప్పడం కుదరనప్పుడు చట్టం వస్తుంది. 1880లో వచ్చిన టీకా చట్టం మునిసిపాలిటీల్లో, కంటోన్మెంట్లలో పిల్లలకు టీకా నిర్బంధం చేయడానికి వీలు కల్పించింది. ఈ కాలంలోనే చేయి నుంచి చేయికి వేసే పద్ధతి పోయి, దూడల మీద తయారుచేసే రసం క్రమంగా వచ్చింది. మద్రాసు రాష్ట్రానికి ఆ రసం తయారుచేసేందుకు 1899లో గిండీలో కింగ్ ఇన్‌స్టిట్యూట్ మొదలైంది. ఆనాటి ఆంధ్ర ప్రాంతం ఆ రాష్ట్రంలో భాగమే. వస్తువు మెరుగుపడింది, నిజమే. ప్రభుత్వానికీ ప్రజలకూ మధ్య సంబంధం మెరుగుపడిందా?

1902లో పంజాబులో జరిగిన ఒక ఘటన దీనికి జవాబు చెబుతుంది. ప్లేగు టీకా కనిపెట్టిన హాఫ్కిన్ బొంబాయిలోని తన ప్రయోగశాలలో పెద్ద ఎత్తున దాన్ని తయారుచేయిస్తున్న రోజులవి. ఆ ఏడాది అక్టోబరులో ముల్కోవాల్ అనే గ్రామంలో 107 మందికి టీకా వేశారు. ఒకే సీసాలో మందు వేయించుకున్న 19 మంది ధనుర్వాతంతో చనిపోయారు. నేరం హాఫ్కిన్ ప్రయోగశాల మీద మోపారు. ఆయన్ను పదవి నుంచి తప్పించారు. ఆ సీసా తెరిచే సమయంలో గ్రామంలోనే సహాయకుడి చేతిలోని పటకారు నేల మీద పడిందనీ, దాన్ని సరిగా శుద్ధి చేయకుండా వాడారనీ తర్వాత బయటపడింది. రొనాల్డ్ రాస్ వంటి శాస్త్రవేత్తలు పోరాడగా 1907లో గాని హాఫ్కిన్‌కు న్యాయం జరగలేదు.

ఈ కథను సాధారణంగా ఒక శాస్త్రజ్ఞుడికి జరిగిన అన్యాయంగా చెబుతారు. అది నిజమే. ఐదేళ్ళ పాటు జరిగిన వాదం అంతా నేరం ప్రయోగశాలదా, గ్రామంలో సీసా తెరిచినవాళ్ళదా అనే దాని మీద నడిచింది. ఆ 19 కుటుంబాలు ఆ వాదంలో కక్షిదారులు కావు, సంఖ్య మాత్రమే. టీకా వికటించినప్పుడు ఎవరు జవాబు చెప్పాలనే ప్రశ్న ప్రభుత్వానికీ నిపుణులకూ మధ్య తేలే విషయంగా ఉంది గాని, ప్రభుత్వానికీ ప్రజలకూ మధ్య తేలవలసిన విషయంగా లేదు.

4

ఇంత చెప్పిన తర్వాత మశూచి నిర్మూలన గురించి చెప్పకపోతే అన్యాయమవుతుంది. ప్రజారోగ్య చరిత్రలో అంతకు మించిన విజయం లేదు. మన ప్రభుత్వం 1962లో జాతీయ నిర్మూలన కార్యక్రమం మొదలుపెట్టింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1967లో తన కార్యక్రమాన్ని ముమ్మరం చేసింది. 1974లో మన దేశంలో పెద్ద ఉపద్రవం వచ్చింది. ఆ మరుసటేడు 1975 మే తర్వాత ఇక్కడ మశూచి లేదు. ప్రపంచంలో సహజంగా సోకిన చివరి కేసు 1977లో సోమాలియాలో నమోదైంది. 1980లో ప్రపంచం మశూచి నుంచి విముక్తమైందని ప్రకటించారు.

ఈ విజయం ఎలా సాధ్యమైంది? మన ప్రశ్నకు సంబంధించినంతవరకు ముఖ్యమైన సంగతి ఒకటుంది. వేడికి తట్టుకునే పొడి టీకా అప్పటికి వచ్చింది. రెండు మొనల సూది వచ్చింది. ఆ సూది వాడటం ఎవరికైనా కొద్దిసేపట్లో నేర్పవచ్చు. అంటే టీకా మన పల్లెకు తగినట్టుగా మారింది. కరెంటు లేని ఊరును ‘సిద్ధంగా లేని ఊరు’ అని పక్కన పెట్టవలసిన అవసరం లేకుండా పోయింది. దేశం టీకాకు సిద్ధంగా ఉందా అని అడిగే ముందు టీకా ఆ దేశానికి సిద్ధంగా ఉందా అని అడగవచ్చునని మశూచి నిర్మూలన నిరూపించింది. ఆ కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగారు. మశూచి సోకిన పిల్ల బొమ్మ ఉన్న కార్డు చూపించి, ఇలాంటి జబ్బు ఎక్కడైనా చూశారా అని సంతల్లో, బడుల్లో అడిగారు. వ్యాధి ఎక్కడుందో ప్రజలే చెప్పారు. ప్రజలను సమాచారం ఇచ్చేవాళ్ళుగా గుర్తించడం అప్పటికి పెద్ద మార్పే.

కాని చివరి దశలో మరొకటి కూడా జరిగింది. ఆ కార్యక్రమంలో పనిచేసిన అమెరికన్ వైద్యుడు లారెన్స్ బ్రిలియంట్ ఒక సంఘటన రాశాడు. ఆనాటి బీహారులో హో ఆదివాసీల పెద్ద ఒకాయన టీకా వేయించుకోనన్నాడు. రాత్రివేళ బృందం ఆయన ఇంటి తలుపు తోసుకుని వెళ్ళింది. పట్టుకుని బలవంతంగా ఆయనకూ కుటుంబానికీ టీకాలు వేశారు. పెనుగులాట అయిపోయాక ఆ పెద్దమనిషి తన పెరట్లోకి వెళ్ళి, పండిన ఒక్క దోసకాయ కోసుకొచ్చి వైద్యుడి చేతిలో పెట్టాడట. ఎదిరించడం తన ధర్మమని, ఆ ధర్మం తాను నెరవేర్చానని, ఇప్పుడు మీరు తన ఇంటికి వచ్చిన అతిథులని ఆయన వివరించాడట.

నేను ఈ సంఘటనను చాలాసార్లు తలచుకున్నాను. మశూచి పోవడం మంచిదా కాదా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. మంచిదే. కాని ఆ మనిషికి చెప్పడానికి ఎంత ఉందో చూడండి. ఆయన నిరాకరణ వెనక ఒక ఆలోచన ఉంది, ఒక నీతి ఉంది, శత్రువును కూడా గౌరవించే సంస్కారం ఉంది. అదంతా టీకా వేసిన తర్వాత గాని బయటి వాళ్ళ చెవిన పడలేదు. అదే మాట ముందు రోజు పగటిపూట విని ఉంటే ఏమయ్యేది?

5

మశూచి విజయం వెంటనే కొత్త కార్యక్రమాలకు దారితీసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1974లో విస్తృత టీకా కార్యక్రమం ప్రారంభించింది. మన దేశం 1978లో దాన్ని చేపట్టి, 1985లో సార్వత్రిక టీకా కార్యక్రమంగా విస్తరించింది. తట్టు టీకా అప్పుడే చేరింది. ఈ టీకాల్లో ఎక్కువ భాగం 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి. తయారైన చోటి నుంచి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం దాకా, అక్కడి నుంచి నర్సమ్మ భుజాన వేలాడే పెట్టె దాకా ఆ చల్లదనం తెగకూడదు. ‘శీతల శృంఖల’ అన్నది అప్పటి నుంచి సంసిద్ధతకు మరో పేరైంది. దాన్ని తేలిగ్గా తీసుకోవడానికి వీల్లేదు. చల్లదనం తప్పిన మందు వేయడమంటే పిల్లవాడికి రక్షణ ఇచ్చామని అబద్ధం చెప్పడమే.

అయితే శృంఖలలో చివరి కొస పెట్టె కాదు, మనిషి. ఈ సంగతి పోలియో నేర్పింది. 1995లో పల్స్ పోలియో మొదలైంది. కేసులు తగ్గుతూ వచ్చి 2002లో ఒక్కసారిగా 1,600కు పెరిగాయి. అందులో అత్యధికం ఉత్తరప్రదేశ్‌వి. చుక్కలు వేస్తే పిల్లలు పుట్టకుండా పోతారనే పుకారు ముఖ్యంగా పేద ముస్లింల ఇళ్ళల్లో పాకింది. దాన్ని కేవలం పుకారని కొట్టేస్తే సరిపోదు. ఎమర్జెన్సీ కాలంలో బలవంతపు ఆపరేషన్లు చూసిన ప్రాంతమది. ప్రభుత్వ మనిషి పెట్టె పట్టుకుని గుమ్మంలోకి వస్తే ఆ జ్ఞాపకం కూడా వెంట వస్తుంది. పైగా ఆ తల్లులు ఒక ప్రశ్న అడిగారు: మురుగు కాలవ బాగుచేయడానికి రానివాళ్ళు, జ్వరానికి మందు ఇవ్వనివాళ్ళు, చుక్కలు వేయడానికి మాత్రం పదే పదే ఎందుకొస్తున్నారు? దీనికి శీతల పెట్టెలో జవాబు లేదు.

జవాబు వెతకక తప్పలేదు. అదే వీధిలో ఉండే స్త్రీలను కార్యకర్తలుగా తీసుకున్నారు. మత పెద్దలను, విశ్వవిద్యాలయాలను కలుపుకున్నారు. విరేచనాలకు మందు, శుభ్రత, మిగతా టీకాలు - వీటి గురించి కూడా మాట్లాడారు. మరింత బాగా పనిచేసే చుక్కల మందు కూడా వచ్చింది. 2011 జనవరిలో హౌరా జిల్లాలో నమోదైన కేసు తర్వాత మన దేశంలో సహజ పోలియో వైరస్ సోకిన కేసు లేదు. 2014 మార్చిలో ధ్రువపత్రం వచ్చింది. వస్తువూ మాటా రెండూ కలిసినప్పుడే పని పూర్తయింది.

6

దురదృష్టమేమిటంటే, ఉత్తరప్రదేశ్‌లో ఈ పాఠం నేర్చుకుంటున్న సంవత్సరాల్లోనే మన దగ్గర దాన్ని మరిచిపోయారు.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ మన దేశంలో స్త్రీలను, ముఖ్యంగా పేద స్త్రీలను చంపే వ్యాధుల్లో ఒకటి. దానికి కారణమైన హెచ్.పి.వి. వైరస్‌ను అడ్డుకునే టీకా వచ్చింది. ఆ టీకాను ప్రభుత్వ కార్యక్రమంలో చేర్చడం సాధ్యమా, చేరిస్తే ఎలా అందించాలి అని తెలుసుకోవడానికి ఒక ‘ప్రదర్శన పథకం’ చేపట్టారు. అంటే అచ్చంగా సంసిద్ధతను అంచనా వేసే పనే. పాత్ అనే అమెరికన్ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వాలు కలిసి చేశాయి. 2009 జులైలో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో మొదలైంది. తర్వాత గుజరాత్‌లోని వడోదరలో. ఖమ్మంలో ఎంచుకున్నవి భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాలు. 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలు దాదాపు 14 వేల మంది. వాళ్ళలో చాలామంది ఆశ్రమ పాఠశాలల్లో, ప్రభుత్వ హాస్టళ్ళలో ఉండి చదువుకునే ఆదివాసీ, దళిత పిల్లలు.

పథకం నడుస్తుండగా రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయారు. అందులో ఐదుగురు మన రాష్ట్రం వాళ్ళు. మహిళా ఆరోగ్య సంఘాల వాళ్ళు 2010 మార్చిలో ఆ ప్రాంతానికి వెళ్ళి విషయం బయటపెట్టారు. ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం పథకాన్ని ఆపేసింది. ఆ మరణాలకు టీకా కారణమని విచారణల్లో తేలలేదు. నీట మునగడం, పాము కాటు, పురుగు మందు, జ్వరం వంటివి కారణాలుగా పేర్కొన్నారు. ఈ విషయంలో మనం నిజాయితీగా ఉండాలి. టీకా ఆ పిల్లలను చంపిందని ఆధారం లేకుండా అనడం ఎల్లిస్ శ్లోకాలకు తలకిందుల రూపం అవుతుంది.

మరి తప్పు ఎక్కడ జరిగింది? పార్లమెంటు స్థాయీ సంఘం 2013 ఆగస్టులో సమర్పించిన నివేదికలో ఉంది. ఆంధ్రప్రదేశ్‌కు సంబంధించి పరిశీలించిన 9,543 అంగీకార పత్రాల్లో 1,948 వేలిముద్రలతో ఉన్నాయి. 2,763 పత్రాల మీద సంతకం పెట్టింది హాస్టల్ వార్డెన్లో, ప్రధానోపాధ్యాయులో. పిల్లలకు ఇచ్చిన టీకా కార్డులు వాళ్ళు చదవలేని ఇంగ్లీషులో ఉన్నాయని అక్కడికి వెళ్ళిన మహిళా సంఘాలు చెప్పాయి. పథకం నిర్వహించిన సంస్థ తాము నిబంధనలు మీరలేదన్నది. అది ఔషధ ప్రయోగం కాదు, అనుమతి పొందిన టీకాను అందించి చూడటమేనన్నది. ఆ వాదన ఒప్పుకున్నా సరే, అడవి పల్లెలో ఉన్న తల్లికి తన బిడ్డకు ఏ సూది వేశారో, ఎందుకు వేశారో, ఎన్నిసార్లు వేస్తారో చెప్పకపోవడానికి అది సమాధానం కాదు.

హైదరాబాదు నుంచి భద్రాచలం దాదాపు 300 కిలోమీటర్లు. హైదరాబాదులో శాంతా బయోటెక్నిక్స్ 1997లోనే స్వదేశీ హెపటైటిస్-బి టీకా తయారుచేసింది. అదే నగరంలో తయారైన రోటావైరస్ టీకాను 2016లో ప్రభుత్వ కార్యక్రమంలో చేర్చినప్పుడు తొలి నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. విజ్ఞానం విషయంలో, పరిశ్రమ విషయంలో మనం సిద్ధంగా లేమని ఎవరూ అనలేరు. లోపం ఆ 300 కిలోమీటర్ల దారిలో ఉంది. మందు ఆ దూరం చల్లగా ప్రయాణం చేసింది. దాన్ని గురించిన మాట ప్రయాణం చేయలేదు.

దాని ఫలితం ఎవరు అనుభవించారు? 2010 తర్వాత హెచ్.పి.వి. టీకా అనే మాటే మన దేశంలో అనుమానాస్పదమైపోయింది. జాతీయ సలహా సంఘం దాన్ని సార్వత్రిక కార్యక్రమంలో చేర్చమని సిఫారసు చేయడానికి 2022 దాకా పట్టింది. ఆ పన్నెండేళ్ళలో డబ్బున్న కుటుంబాల పిల్లలు ప్రైవేటు ఆసుపత్రుల్లో ఆ టీకా వేయించుకుంటూనే ఉన్నారు. అందకుండా పోయింది ఆశ్రమ పాఠశాలల పిల్లల్లాంటి వాళ్ళకే. మరో విచిత్రం. అదే కాలంలో దేశంలో జరుగుతున్న వేరే అధ్యయనం కూడా 2010లో మధ్యలో ఆగింది. దాంతో వేల మంది ఆడపిల్లలకు ఒక్క మోతాదే పడింది. ఏళ్ళ తరబడి వాళ్ళను గమనించగా ఒక్క మోతాదు కూడా మంచి రక్షణ ఇస్తోందని తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఒక్క మోతాదు చాలునని ఒప్పుకోవడానికి పనికొచ్చిన ఆధారాల్లో అది ముఖ్యమైనది. మన పిల్లల శరీరాలు ప్రపంచానికి జ్ఞానాన్నిచ్చాయి. 1802లో అన్నా డస్ట్‌హాల్ చేయి ఇచ్చినట్టే. ఆమెనూ ఎవరూ అడగలేదు.

7

భద్రాచలం, కొత్తగూడెం ఇప్పుడు తెలంగాణలో వేరే జిల్లాలో ఉన్నాయి. ఆనాటి పిల్లలు ఇప్పుడు పాతికేళ్ళు దాటిన స్త్రీలు. చాలామంది తల్లులై ఉంటారు. తమ ఆడపిల్లలకు టీకా వేయించాలా వద్దా అని రేపు వాళ్ళే నిర్ణయించాలి. ఏ పట్టికలోనైనా వాళ్ళ జ్ఞాపకానికి ఒక గడి ఉందా? నాకు కనిపించలేదు. ఫ్రిజ్‌లు లెక్క పెట్టవచ్చు. నమ్మకాన్ని అలా లెక్క పెట్టలేం. అది గతంలో జరిగిన వ్యవహారాల మొత్తం. ఒకసారి పోగొట్టుకుంటే మళ్ళీ కొనుక్కురాలేం.

ఇదంతా వైద్యుల పని, ప్రభుత్వం పని, రచయితలకేమిటి సంబంధం అని అడగవచ్చు. అంగీకార పత్రం కూడా ఒక రచనే అని నా జవాబు. దానికి ఒక భాష ఉంది, ఒక కథకుడున్నాడు, ఒక పాఠకుడున్నాడు. ఆ పాఠకుడి వేలిముద్ర కావాలి గాని అర్థం చేసుకోవడం అక్కర్లేదనుకునే రచన అది. మనం కావ్యాలకు టీకాలు రాస్తాం. కథల్లో కథకుడి దృక్కోణం ఎవరి పక్షమని గంటల తరబడి చర్చిస్తాం. ఈ కాగితం ఎవరి పక్షాన మాట్లాడుతోందని కూడా అడగడం మన విద్యలో భాగమే. కోయ భాషలో, తెలుగు పల్లె మాటల్లో ‘వైరస్’ను, ‘మోతాదు’ను, ‘వికటించడం’ను ఎలా చెప్పాలో ఆలోచించడం ఏ పాఠ్యపుస్తక అనువాదానికీ తీసిపోని సాహిత్య కృషి.

ఎల్లిస్ పురాణం ప్రజల నమ్మకాన్ని వాడుకుని అబద్ధం చెప్పింది. ఖమ్మం కార్డు నిజమే చెప్పి ఉండవచ్చు, కాని చదవలేని భాషలో చెప్పింది. రెండింటి మధ్యా దాదాపు 190 ఏళ్ళున్నాయి. రెండూ ఒకే అభిప్రాయం మీద ఆధారపడ్డాయి: ఈ జనానికి వివరించి చెప్పడం సాధ్యం కాదు, లేదా అవసరం లేదు. ఉత్తరప్రదేశ్ పోలియో అనుభవం ఈ అభిప్రాయం తప్పని ఆచరణలో రుజువు చేసింది.

ఇక ముందు కూడా కొత్త టీకాలు వస్తాయి. రావాలి కూడా. నా జబ్బ మీది మచ్చకు నేను కృతజ్ఞుణ్ణి. ఏదో ఒక జిల్లాకు అంచనా వేసేవాళ్ళు మళ్ళీ పట్టికలు పట్టుకుని వెళతారు. వాళ్ళు గిడ్డంగి తలుపు తీసి ఉష్ణోగ్రత చూసే ముందు చేయవలసిన పని ఒకటుందని నా మనవి. ఆ జిల్లాలో ఒక పల్లె రచ్చబండ దగ్గర కూర్చుని, తాము పంచబోయే కాగితాన్ని పైకి చదివి వినిపించాలి. విన్న తల్లి దాన్ని తన మాటల్లో తిరిగి చెప్పగలదా? చెప్పాక, ఇప్పుడే వద్దు అంటే, ఎందుకని అడిగి కూర్చుని వినేవాళ్ళు ఉన్నారా? ఈ రెంటికీ అవునన్న రోజున ఆ జిల్లా సిద్ధంగా ఉందని రాసుకోవచ్చు.